డునెడిన్ వాళ్ళ రోజు

"డునెడిన్ వాళ్ళు తప్పుకున్నారు. రేపటి రోజు నీదే, పిల్లా!"

లేజరు నడిపే డెస్ తలుపులోంచి తల మాత్రం పెట్టి ఈ మాట అన్నాడు. టామ్సిన్ ఉన్నచోటే నేలమీద చతికిలబడింది.

"ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

"తెలీదు డెస్. రెండూ అనుకుంటా."

ఎల్లుండి నుంచి కాన్‌బెర్రాలో ఆ లేజరు మూత. మిగిలిన ఆ ఒక్క రోజూ సముద్రం అవతలి డునెడిన్ పరిశోధకులు ముందే తీసుకున్నది. విప్పి, మార్చి, మళ్ళీ బిగించేసరికి రెండేళ్ళు పడుతుంది. అంతవరకూ టామ్సిన్ చదువు ఆగదు. ముగిసిపోతుంది, పట్టా లేకుండానే.

పట్టాకి ఆమెకు కావలసింది కెమెరా తీసిన ఒకే ఒక్క బొమ్మ.

లేజరు దెబ్బకి అల్యూమినియం రేకు భగ్గుమని ప్లాస్మాగా ఎగజిమ్ముతుంది. ఎగజిమ్మినదాన్ని అయస్కాంతం చెదరకుండా పట్టి ఉంచే క్షణం, ఆ బొమ్మ.

ఆ అయస్కాంతం కోసం తను చుట్టిన రాగి తీగచుట్టలన్నీ, కరెంటు వదలగానే, లేజరు వెలిగేలోపే పేలిపోయాయి. వారమంతా ఇదే వరస.

"చుట్ట ఉందా మరి?" అన్నాడు డెస్.

"లేదు. చుట్టాలి."

"సాయంత్రానికల్లా బిగించెయ్యాలి. లేజరు కొట్టే ఉక్కు గదిలో గాలంతా తోడెయ్యడానికే తెల్లారుతుంది."

"తెలుసు డెస్! వెళ్ళు!"

టీ గదిలో కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుంది. అక్కడ కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది. తీగ కొస జారింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ జారింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ కొస నేను పట్టుకోనా?"

ఊలు టోపీ పెట్టుకున్న పెద్దాయన. చేతిలో టీ కప్పు. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"మీరెవరు?"

"చూసిపోదామని వచ్చానమ్మాయ్."

ఇవాళే దొరికిందా ఈయనకి, అనుకుంది. కానీ మూడో చెయ్యి కావాలి.

"గట్టిగా లాగి పట్టుకోండి. మాట్లాడకండి."

"మా ఆవిడా ఇదే అనేది, ఊలు ఉండ చుట్టేటప్పుడు."

వారంలో మొదటిసారి టామ్సిన్‌కి నవ్వొచ్చింది. తీగ బిగువుగా, వరస తప్పకుండా కూర్చుంది. కిటికీ ఎండలో రాగి కొత్త ఉంగరంలా మెరిసింది.

"అయస్కాంతంలో ఆ ప్లాస్మా చూడ్డానికెలా ఉంటుందమ్మాయ్?"

"మాట్లాడొద్దన్నానా?" అంది గాని, ఆ సంగతి ఎవరడిగినా చెప్పకుండా ఉండలేదు. "అయస్కాంతం లేకపోతే గొడుగులా విచ్చుకుని చెదిరిపోతుంది. ఉంటే మొగ్గలా ముడుచుకుని సన్నగా పైకి లేస్తుంది. అట! నేనింకా చూస్తేగా."

"నేనూ చూళ్ళేదు," అన్నాడాయన.

చుట్ట పూర్తయింది. పైన జిగురు పూసింది. ఇంత చక్కటి చుట్ట తన చేతుల్లోంచి ఎప్పుడూ రాలేదు.

"రేపు నేనూ వచ్చి, ఓ మూల నుంచుని చూడొచ్చా? చప్పుడు చెయ్యను."

"వద్దు."

ఆ మాట తనకే కటువుగా వినిపించింది.

"ఏమనుకోకండి పెద్దాయనా. ఒకే రోజు, ఒకే చుట్ట. కొత్తవాళ్ళుంటే నాకు చేతులు ఆడవు. ఇది పోతే నేనింక లేవలేను. మీరు ఇంకోసారి చూద్దురుగాని."

"ఇంకోసారి," అని తలూపాడాయన. కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేసరికి చుట్ట లోపల బిగిసింది. గాలి తోడే యంత్రం గుర్రుమంది. డెస్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"లడ్‌లో గారేరి? రేపటికి ఆయనకి బొమ్మ కనిపించే తెర ముందే కుర్చీ వేశాను."

"లడ్‌లో గారెవరు?"

"ఊలు టోపీ."

"ఆయనా? రావద్దని చెప్పేశానే."

డెస్ మొహం మారిపోయింది. ఫోను తీసి చేశాడు. చెవి దగ్గర పెట్టుకుని, దించేశాడు.

"ఆపేసి ఉంది. విమానం ఎక్కేసినట్టున్నాడు."

"పోనీలే, ఇంకోసారి వస్తాడుగా?"

"రాడు. నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ ప్లాస్మా ఎలా ముడుచుకుంటుందోనని జీవితమంతా కాగితం మీద లెక్కలు కట్టినవాడు. కళ్ళారా చూద్దామని వచ్చాడు. నిన్న నడవాలో నువ్వు ఏడవడం చూశాడు."

టామ్సిన్ డెస్‌కి అడ్డంగా వచ్చి నిలబడింది.

"డెస్... డునెడిన్ వాళ్ళంటే ఎంతమంది?"

డెస్ యంత్రం మీటరు చూసి అంకె రాసుకున్నాడు.

"రేపు ఏడింటికి మొదటి లేజరు దెబ్బ వేద్దాం, ఇంటికెళ్ళి పడుకో," అన్నాడు. "వాళ్ళంటూ ఎవరూ లేరు పిల్లా, ఆయనొక్కడే."