మంచినీళ్ళ సీసా

కుళాయికి వేలాడే సెన్సర్‌కి నీళ్ళు నచ్చకపోతే కుళాయి బిగుసుకుంటుంది, గుమ్మం మీద ఎర్రదీపం వెలుగుతుంది. సువర్చల గుమ్మం మూడు రోజులుగా ఎర్రగానే ఉంది.

"యంత్రం అబద్ధమాడదమ్మా. వంటిల్లు కాస్త శుభ్రంగా ఉంచుకోవాలి," అన్నాడు అపార్ట్‌మెంటు సెక్రటరీ గవర్రాజు, లిఫ్టు నిండా జనం వింటుండగా.

సువర్చల చదివింది కెమిస్ట్రీ. 'మంచినీళ్ళంటే ఇవీ' అని ఏటా ఇంటింటి సెన్సర్‌కూ చూపించే అసోసియేషన్ సీసా ఈసారి మొదట ఆమె ఇంటికే వచ్చింది. మూత తీసి వాసన చూస్తే పాచి! సెన్సర్ ఆ పాచినీళ్ళనే మంచినీళ్ళని నేర్చుకుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి తన సెన్సర్‌కు మళ్ళీ పాఠం చెప్పింది. దీపం పచ్చబడింది. తర్వాతి వంతు గవర్రాజుగారిది. సీసా శుభ్రంగా కడిగి, చారు మీది తేట నింపి, ఎంతో మర్యాదగా పంపించింది.

మర్నాడు పొద్దున్నే గవర్రాజు గడ్డం మీద నురగతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏ నీళ్ళు చూపించినా ఎర్రబడుతోందండీ! అవతల వియ్యాలవారు వచ్చేస్తున్నారు!"

"యంత్రం అబద్ధమాడదు కదండీ," అంటూ సువర్చల గిన్నెడు చారు అందించింది. "మీ సెన్సర్‌ని ఇందులో ముంచి చూడండి."

దీపం పచ్చబడింది. కానీ సెన్సర్ చారులో మునిగి ఉన్నంతసేపే కుళాయి తిరిగింది. గవర్రాజు తన వంటింట్లో గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చూడ్డానికి సువర్చల లిఫ్టు నిండా జనాన్ని తీసుకొచ్చింది.