ముడి వేశాక

ఆ ఉదయం ఆమె చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. తెల్లవారుజాము ఫజర్ నమాజు చదవాలి. తాడును ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్లతో తడిమి, ఎక్కడైనా పోగు లేచిందేమో చూడాలి. నడుము బెల్టు బిగుసుకుపోతోంది, నూనె చుక్క వేయాలి. బకెట్, హెల్మెట్, అద్దాలు తుడిచే కర్ర సర్దుకోవాలి. అమ్మను ఒప్పించాలి. అది అయ్యే పని కాదు కాబట్టి అమ్మ కంటపడకుండా జారుకోవాలి. అన్నిటికంటే బరువైంది ఆఖర్న ఉంది. చిన్నాన్నను గదిలోంచి బయటికి లాగాలి.

లాగింది. తీరా చూస్తే అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది.

"ఆ మేడ మీదికి మన ఇంటి మనిషి మళ్లీ ఎక్కడానికి వీల్లేదు. చెప్పానంతే."

"ఎక్కి తీరాలమ్మా. కాస్త జరుగు."

"నా గుండేమన్నా రాయనుకున్నావా?"

"రాయైతే అడిగేదాన్నా? దాటుకుని పోయేదాన్ని."

అమ్మ జరగలేదు. కానీ కాళ్లు ముడుచుకుంది. ఆ సందు చాలు.

ఎత్తైన భవనాల అద్దాలు తుడవడం ఆ ఇంటి పని. పైనుంచి తాడు మీద వేలాడుతూ దిగాలి. నిరుడు అలా దిగుతూనే నాన్న పడి చనిపోయాడు. అప్పటి నుంచి చిన్నాన్న మంచానికి అంటుకుపోయాడు. తిండి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఆమె మాత్రం డిగ్రీ పూర్తి చేసి, ఆ వెంటనే తాడు పని కూడా నేర్చుకుని పరీక్ష నెగ్గింది. "ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, ఒక ముడిని చదవలేనా?" అని నవ్వింది.

ఆ మేడ డాబా మీద గాలి గట్టిగా వీస్తోంది. మెట్ల దగ్గర నాన్నతో పనిచేసినవాళ్లంతా గుమిగూడారు. ఒక్కరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

"వద్దు తల్లీ, మా మాట విను," అన్నాడు అందరిలోకీ పెద్దాయన. "పంతానికి పోతే ప్రాణాలు పోతాయి."

సూపర్‌వైజరు నుదురు కొట్టుకున్నాడు. "ఇంకెవరూ దొరకలేదా? మనుషులకేం కరువొచ్చింది?"

"ఎంతమంది దొరికితే ఏం సార్? ఇది మా ఇంటి పని."

ఆ పనికి నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. దిగేవాళ్లు తమ ముడి తాము కట్టుకోరు. ఒకరు కట్టాలి. దిగేవారు దాన్ని లాగి చూసుకోవాలి. ఆ తర్వాత కట్టినవారి కళ్లలోకి చూసి, దువా చదివి, అంటే ప్రార్థన చేసి, అంచు దాటాలి.

చిన్నాన్న ఇనుప స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తాడు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టేశాడు.

"నా వల్ల కాదమ్మా. నువ్వు మా అన్న బిడ్డవి."

"అందుకే కట్టమంటున్నా."

"చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో."

"వణికే చెయ్యి ఏమరుపాటుగా ఉండదు చిన్నాన్నా. తొందరేం లేదు, మెల్లగా కట్టు."

ఆయన కట్టాడు. విప్పాడు. మళ్లీ కట్టాడు. చెమట తుడుచుకుని రెండో తాడూ కట్టాడు. నాన్న పోయాకే ఆ రెండో తాడు రూలు వచ్చింది.

సూపర్‌వైజరుకు ఒళ్లు మండింది. "దేవుడి మీద అంత నమ్మకమున్నదానివి, రెండో తాడెందుకమ్మా?"

"ముందు ఒంటెను కట్టెయ్, ఆ తర్వాత భారం అల్లాహ్ మీద వెయ్ అన్నారు మా ప్రవక్త. ఒంటెను వదిలేసి దువా చేయమనలేదు సార్."

ఎవరో కిసుక్కున నవ్వబోయి మింగేశారు.

ఆమె మొదటి ముడిని లాగి చూసింది. రెండోదాన్నీ లాగి చూసింది. ఒళ్లంతా బరువు వేసి మరోసారి గుంజింది. రెండూ ఇసుమంతైనా కదల్లేదు. అప్పుడు చిన్నాన్న గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. ఆ కళ్లు ఏడాదిగా ఎవరి కళ్లలోకీ చూసినవి కావు.

మెట్ల దగ్గర జనం ఒక అడుగు ముందుకు వేశారు. ఆమె ఎంచుకున్న దువా, ప్రవక్త కాలంలో 'జనమంతా మీకు ఎదురుగా పోగయ్యారు, భయపడండి' అని బెదిరించినప్పుడు విశ్వాసులు చదివింది. ఆమె దాన్ని గుసగుసగా చదవలేదు. అందరికీ వినపడేలా చదివింది.

"హస్బునల్లాహు వ నిఅమల్ వకీల్. అల్లాహ్ మాకు చాలు. భారం అప్పగించడానికి ఆయన్ను మించినవాడు లేడు. నువ్వూ అను చిన్నాన్నా."

ఆయన పెదవులు కదిలాయి. మాట సగమే వచ్చింది.

"గట్టిగా!"

ఈసారి మొత్తం వచ్చింది, గొంతు చీల్చుకుని.

ఆమె అంచు దాటింది. గాలి ఒక ఊపు ఊపింది. బూట్లు అద్దానికి ఆనాయి. కర్ర ఆడింది. మురికి పట్టిన అద్దంలో ఒక్కో పలకగా ఆకాశం బయటపడింది. పైన చిన్నాన్న తాడు మీంచి చెయ్యి తియ్యలేదు. ఎవరో మంచినీళ్లు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు.

ఎండ ఎక్కేసరికి ఆమె కాళ్లు నేలకు తగిలాయి. బెల్టు విప్పి, హెల్మెట్ తీసి, మెడ వెనక్కి వాల్చి ఫోనులో అరిచింది. "చిన్నాన్నా! రేపూ నువ్వే కట్టాలి!"

మీ ప్రార్థనల్లో ఆ ధైర్యవంతురాలిని మరిచినా ఫర్వాలేదు గానీ, ఆ చిన్నాన్నను మాత్రం తప్పకుండా తలుచుకోండి, నిరుడు నాన్న దిగిన రోజు జారిపోయిన ముడి కట్టింది ఆయనే.