తాళం వేసిన ఇల్లు

ఫైర్ స్టేషన్ మ్యూజియంలో గైడుగా మిగిలిన మాజీ ఫైర్‌మన్ కొండలరావు పొగ వాసన పట్టి బయటికి పరుగెత్తాడు. మిట్టమధ్యాహ్నం. ఎదురుగా మేడ మీది వాటా మండుతోంది. అప్పటికే, ఫైర్‌మన్ల బదులు వచ్చిన డ్రోన్లు దానికి ప్లాస్టిక్ పొర చుట్టి, లోపలి గాలి లాగేస్తున్నాయి. గాలి లేకపోతే మంట ఉండదు. మనిషీ ఉండడు.

"ఆపండ్రా! లోపల నర్సు సులోచన పడుకునుంది. నైట్ డ్యూటీ చేసొచ్చింది. చెల్లెలు బయట తాళం వేసుకుని పోయింది!"

"పక్కకు జరగండి తాతగారూ," అంది ఒక డ్రోన్ మర్యాదగా. "తాళం వేసిన ఇంట్లో ఎవరూ ఉండరు."

"నీకెవడు చెప్పాడే?"

"మీ శాఖ చరిత్రే. ముప్పై ఏళ్ల రిజిస్టర్లు చదివి ఈ పని నేర్చుకున్నాం. తాళం ఉన్న ప్రతి ఇంటికీ ఒకటే మాట రాశారు. లోపల ఎవరూ లేరని."

ఆ రాతల్లో సగం కొండలరావువే. నిజానికి ప్రతి తాళమూ పగలగొట్టి చూసేవారు. ఎందరినో మోసుకొచ్చారు కూడా. కానీ తాళం పగిలిందని రాస్తే పైవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకే, కాపాడినవాళ్లు వరండాలో దొరికారని రాసి పారేసేవారు.

మ్యూజియంలోకి ఉరికి, అద్దాల పెట్టె పగలగొట్టి గొడ్డలి అందుకున్నాడు. మెట్లెక్కి, పొర చీల్చి, ఒక్క దెబ్బకు తాళం విరిచాడు.

సులోచన గడప దగ్గరే పడి ఉంది. తలుపు బాది బాది పిడికిళ్లు కమిలిపోయాయి. ఊపిరి లేదు.

"తాతగారూ, తాళం పగలగొట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలి," అంది డ్రోన్.

"రాసుకో," అన్నాడు కొండలరావు. "లోపల మనిషి ఉంది."