నడుమ ఇల్లు

ఇల్లు చిన్నదే. జాగా మాత్రం కబడ్డీ ఆడుకునేంత పెద్దది. గేటు దాటగానే వత్సల ముఖం వెలిగింది.

నాందేడ్ రైల్వే క్వార్టర్లలో, రెండు గదుల్లో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషి ఆమె. బట్టలు ఆరేయాలన్నా పక్కింటివాళ్లతో వంతు. ఇప్పుడు మల్లెపందిరి ఎక్కడో, బర్రెల కొట్టం ఎక్కడో చేత్తో చూపిస్తూ నడుస్తోంది. భర్త ఆనందం నవ్వుతూ తలూపుతున్నాడు.

ఇంటి యజమాని పుణెలో స్థిరపడి, దీన్ని అమ్మకానికి పెట్టాడు. తాళంచెవి ఎడమ పక్కింటి దిగంబర్ దగ్గర ఉంచాడు. దిగంబరే గేటు తీసి అంతా తిప్పి చూపించాడు. బోరు నీళ్లు తియ్యగా ఉంటాయనీ, బజారుకు ఆటోలు ఎప్పుడూ దొరుకుతాయనీ ఓపిగ్గా చెప్పాడు. కుడి పక్కింటి ఇందుబాయి గోడ మీదుగా చాయ్ కూడా అందించింది.

“మాకు నచ్చింది,” అన్నాడు ఆనందం. “ఈ వారంలనే కాయిదాలు చేసుకుంటం. మర్నాడే జాగ నిండ ఇటుక, ఇసుక దింపిచ్చి పని మొదలుపెడ్త.”

దిగంబర్ ఇందుబాయి వైపు చూశాడు. ఇందుబాయి దిగంబర్ వైపు చూసింది.

అంతే, మీ కోళ్లు వచ్చి మా వడియాలు తింటున్నాయని ఆమె అందుకుంది. ముందు మీ మోరీ నీళ్లు ఆపుకోమని అతను లేచాడు. తెలుగులో మొదలైన తిట్లు మరాఠీలోకి మారాయి. అదీ చాలక హిందీలోకి దిగాయి. నడుమ చాయ్ కప్పుతో నిలబడ్డ ఆనందం తల అటూ ఇటూ తిరుగుతోంది.

“ఇయ్యాల నోరు లేపుతున్నవు గద. రేపు మా గడప ఎక్కవా? అప్పుడు చెప్త,” అన్నాడు దిగంబర్.

“ఎక్కుత. ఎక్కి నడింట్ల కూసుంట. ఏం జేస్తవో చూస్త,” అంది ఇందుబాయి.

ఆనందం సర్దిచెప్పబోతే ఇద్దరూ అతని మీదికే తిరిగారు. ఇది ఠాణా దాకా పోయిన పంచాయితీ అనీ, తెగేది కాదనీ, ఈ నడుమ ఇంట్లో ఉండేవాళ్లే నలిగిపోతారనీ చెప్పారు.

వత్సల భర్త చెయ్యి పట్టి లాగింది. “నడువుండ్రి. నిమ్మలం లేని కాడ జాగ ఎంతుంటే ఏంది?”

తర్వాత చూసిన ఇళ్లేవీ ఆమెకు నచ్చలేదు. అన్నం వడ్డిస్తూ కూడా మల్లెపందిరి మాటే. చివరికి ఒకరోజు తనే తేల్చేసింది. గొడవల్లేని గల్లీ ఎక్కడుందనీ, ఆ ఇద్దరినీ తానే కలుపుతాననీ అంది. ఆనందం ఎస్టీడీ బూత్ నుంచి పుణెకు ఫోన్ చేశాడు. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. సంతోషం పట్టలేక ఇద్దరూ పేడాల డబ్బా కొనుక్కుని ఆటో ఎక్కారు.

గల్లీ మొదట్లోనే ఆటో ఆగిపోయింది. ముందు బ్యాండు మేళం. నడుమ ఇంటి జాగా నిండా షామియానా. గేటు దగ్గర వత్సల మీద పన్నీరు పడింది. చూస్తే, చల్లుతున్నది ఇందుబాయి. పక్కనే కొత్త పంచె కట్టుకుని దిగంబర్.

“మంచి యాళ్లకు అచ్చిండ్రు అన్నా,” అంటూ అతను ఆనందం చెయ్యి పట్టుకున్నాడు, “జాగ రేపటి సంది మీదే, ఇయ్యాల మాత్రం నా కొడుక్కు ఈ ఇందుబాయి బిడ్డతోని లగ్గం.”