రెండువందల పద్నాలుగు ఖాళీ గళ్లు

“దొరకనివాళ్లను ఖాళీగా వదిలెయ్యమని ఫార్ములాకి చెప్పింది నువ్వే కదా?” అంది బోదిల్, క్యాంటీన్‌లో కుర్చీ కూడా లాక్కోకుండా.

ఎస్కిల్ తన రై రొట్టె మీంచి తలెత్తలేదు. “భోజనం చెయ్యనిస్తావా?”

“చెయ్యి. రెండింటికి ఉత్తరాలు వెళ్లిపోతాయి. ఈలోపు నీ రొట్టె అయిపోతుందిలే.”

ఆ ఆఫీసుకు ఉన్నది ఒక్కటే పని. యాభై దాటిన ఆడవాళ్లకు రెండేళ్లకోసారి రొమ్ము క్యాన్సరు పరీక్షకు రమ్మని ఉత్తరం పంపడం. బోదిల్ పంతొమ్మిదేళ్లుగా అదే చేస్తోంది. ఎస్కిల్ మూడేళ్ల కిందట రాజధాని కోపెన్‌హాగన్ నుంచి ఇంటిల్లిపాదితో మకాం ఎత్తేసి అధికారిగా వచ్చి కూర్చున్నాడు. ఇక్కడి జట్లాండ్ పల్లెలవాళ్లకు లెక్కలే రావన్నట్టు, వచ్చిన నెలలోనే పాత పట్టికలన్నీ తిరగరాశాడు. ఈ మధ్య రెండు నెలలు సెలవు పెట్టి తిరిగొచ్చాక అతని నోటికి మరీ అదుపు లేకుండా పోయింది. బోదిల్‌కు అతనంటే ఒళ్లుమంట. దాన్ని దాచుకునే ఓపిక కూడా ఆమెకు లేదు.

అతని రొట్టె డబ్బాను పక్కకు నెట్టి లాప్‌టాప్ పెట్టింది.

“ఇది మన పట్టిక. ఇందులో పౌరసంఖ్యలు మాత్రమే ఉంటాయి. ఇది వేరే ఊళ్ల నుంచి ఇక్కడికి మారి వచ్చినవాళ్ల పట్టిక, మునిసిపాలిటీ పంపేది. నీ లుకప్ ఈ సంఖ్యను పట్టుకుని అందులో వెతికి, పేరూ చిరునామా తెస్తుంది. దొరక్కపోతే?”

“తప్పని చూపిస్తుంది.”

“చూపించేది. ఎర్రగా కనబడితే పైవాళ్ల ముందు పరువు తక్కువని నువ్వు దాని నోరు కట్టేశావు. ఇప్పుడు ఖాళీ గడి మిగులుతోంది. అలాంటివి రెండువందల పద్నాలుగు.”

“మళ్లీ వేరే ఊరికి వెళ్లిపోయి ఉంటారు.”

“నాకూ నీ అంత తెలివుంటే అలాగే అనుకుని ఊరుకునేదాన్ని. ఈ సంఖ్యల్లో పుట్టిన రోజులు చూడు. ఒకటో తారీఖు నుంచి తొమ్మిది దాకా. పదో తారీఖునా, ఆ తర్వాతా పుట్టినవాళ్లు ఒక్కరూ లేరు.”

ఎస్కిల్ నమలడం ఆపాడు.

“మన పౌరసంఖ్య పుట్టిన తారీఖుతోనే కదా మొదలయ్యేది. నాలుగో తారీఖున పుడితే ముందు సున్నా ఉంటుంది. మునిసిపాలిటీ పట్టికను నీ కొత్త పద్ధతిలో తెరవగానే అది మామూలు అంకె అనుకుని ముందున్న సున్నాను పారేస్తోంది. ఇక్కడ పది అంకెలు, అక్కడ తొమ్మిది. ఎలా కలుస్తాయి?”

“తొమ్మిదో తారీఖు దాకా అందరూనా?”

“అందరూ.”

“ఎప్పట్నుంచి?”

“నువ్వు రాసిన రోజు నుంచి. మూడేళ్లు.”

అతను డబ్బా మూత పెట్టేశాడు. సగం రొట్టె లోపలే ఉంది.

“సరే. సున్నా తగిలించు. వచ్చే నెల నుంచి సరిగ్గా వెళ్తాయి.”

“మరి ఈ పాతవాళ్లు?”

“పాతది తవ్వకు.”

బోదిల్ నవ్వింది. ఆ నవ్వులో దయ అన్నది లేదు. “కుర్చీ కదులుతుందని భయమా?”

“చూడు తల్లీ, నీ పని ఫార్ములా బాగుచెయ్యడం. పేర్లు బయటికి లాగడం కాదు. మూడేళ్లలో ఒక్కరైనా ఫోన్ చేసి అడిగారా?”

“ఈ దేశంలో ఎవరడుగుతారయ్యా? ఉత్తరం రాలేదంటే నా వంతు ఇంకా రాలేదనుకుని కూర్చుంటారు. ఇంట్లో మొగుణ్ని అడిగితే వాడూ అదే చెప్తాడు, వాళ్లు మర్చిపోరు, అదే వస్తుందిలే అని.”

“నోర్ముయ్, బోదిల్.”

క్యాంటీన్‌లో ఫోర్కుల చప్పుడు ఆగింది. ఆ ఆఫీసులో ఒకరినొకరు ఆ మాట అనడం అంతకుముందు ఎవరూ వినలేదు. బోదిల్‌కు అవమానంతో చెవులు కాలాయి. ఇక వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు.

“వీళ్లలో ఒక్కతెకి గడ్డ ఉన్నా అది మూడేళ్లు పెరిగినట్టే. ఇవాళ ఉత్తరం వెళ్తే ఇంకా బతకొచ్చు. ఆపుతావా? ఆపు. నీ పేరు పెట్టి పైవాళ్లకు రాస్తాను.”

“రాసుకో. పంపుకో. నా ముందు మాత్రం తెరవకు.”

ఇంత పిరికివాణ్ని ఆమె జన్మలో చూడలేదు. లాప్‌టాప్ తన వైపు లాక్కుంది. మునిసిపాలిటీ సంఖ్యలను అక్షరాల లెక్కన మార్చి, పది అంకెలకు తక్కువైన ప్రతిదానికీ ముందు సున్నా చేర్చింది. ఖాళీగా వదిలెయ్యమన్న ముక్కను ఫార్ములాలోంచి పీకేసింది. ఎంటర్ నొక్కింది. పైనుంచి కిందిదాకా పేర్లు, చిరునామాలు నిండిపోయాయి. అన్నిటినీ ఆ రోజు వెళ్లే ఉత్తరాల్లో కలిపేసింది. గడియారంలో ఇంకా ఒంటిగంటా ఇరవై.

పని అయిపోయింది. అక్కడితో లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఆ ‘నోర్ముయ్’ అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. తెరను అతని వైపు తిప్పింది.

“చదువు. మూడేళ్లు ఎవరెవరి ఉత్తరాలు ఎగ్గొట్టావో చూసుకో.”

ఎస్కిల్ కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

“అయితే నేనే చదువుతాను. అందరూ వింటారు.”

తెరను మళ్లీ తన వైపు తిప్పుకుని, పై వరుస మీద వేలు పెట్టి నోరు తెరిచింది.

మొదటి పేరు, మార్చిలో ఇదే జబ్బుతో పోయిన ఎస్కిల్ భార్యది.