బురదలో కొర్రమట్ట

“మందు ఎక్కించినా సావని కణాలేంది బిడ్డా, గంత మొండియా?”

తలకు తువ్వాల చుట్టుకుని, వలకు పడ్డ చిరుగు కుడుతూ అడిగాడు దశరథ. ఒంట్లో సత్తువ లేక ఈ ఏడు నీళ్లలోకి దిగే పని తమ్ముడు కిష్టాకు వదిలేశాడు. ఎండలకు ఇబ్రహీంపట్నం చెరువు సగం వెనక్కి పోయింది.

ఆయన కూతురు సింధు హైదరాబాదులో ఓ క్యాన్సర్ పరిశోధన ల్యాబ్‌లో పనిచేస్తుంది. సెలవు పెట్టి పొద్దున్నే వచ్చింది. వచ్చినప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా చెరువు కట్ట మీద తిరుగుతూనే ఉంది.

“మొండియే బాపు. మా దగ్గర ఒక పేషెంటుకు రక్తంల క్యాన్సర్. మొదట మస్తు తగ్గింది. ఇప్పుడు మళ్ల తిరగవెట్టింది.”

“మందు నకిలీదా?”

“కాదు. కణంల జన్యువులుంటయ్. ఇంట్ల స్విచ్చులసొంటివి అనుకో. మందు రాంగనే గీ కణాలు కొన్ని స్విచ్చులు వేసినయ్, కొన్ని బంద్ చేసినయ్. గట్ల చేసి కొన్ని మందును బయటికి తోడి పోస్తున్నయ్. ఇంకొన్ని సచ్చినట్టు పండుకుని, మందు ఆపినంక లేస్తున్నయ్.”

దశరథ సూది ఆపి నవ్వాడు. “అచ్చం కొర్రమట్ట!”

“ఎట్ల?”

“వల గుంజితే చేపలన్ని పడ్తయ్. కొర్రమట్ట బురదల దూరుతది. చెర్వు ఖాళీ అయిందనుకుంటం. వాన పడంగనే లేస్తది.”

ఆరేళ్లు చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు సింధుకు. ఒక్క క్షణం గాభరా మరచిపోయింది.

“మరి దాన్నెట్ల పడ్తరు?”

“వల పక్కకు వెట్టి, బురదల చెయ్యి వెట్టి దేవులాడాలె.”

“గసొంటి మందే కొత్తది వచ్చింది బాపు. స్విచ్చునే బంద్ చేసేది. గ్యారంటీ లేదు గని, చూడొచ్చు. పేషెంటే ఒప్పుకుంటలేడు. సూదులతోని ఇసిగి యాష్టకొచ్చిండు. అసలు రోగం పేరే ఇంట్లోళ్లు చెప్పలే. రక్తం తక్కువుందని చెప్పి నడిపిచ్చిండ్రు.”

“ఎందుకు దాసిండ్రు?”

“భయపడ్తడని.”

దశరథకు చిర్రెత్తుకొచ్చింది. “వాడేమన్న చిన్న పోరడా? తన రోగం పేరు తనకు తెల్వద్దా? చెప్పుండ్రి. చెప్తే వాడే ఒప్పుకుంటడు.”

“ఒప్పుకోకుంటే?”

సింధు సంచిలో ఉన్న రిపోర్టు మీద చెయ్యి వేసింది గానీ తీయలేకపోయింది. ఆయన వద్దంటే ఇక దారి లేదన్న భయం రెండు రోజులుగా ఆమెకు కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది.

దశరథ వల మడిచి పక్కన పెట్టాడు. కూతురి చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

“రేపు నన్ను దవాఖానకు ఎన్ని గంటలకు రమ్మన్నరు, బిడ్డా?”