స్విచ్ అంటే అమ్మ, రౌటర్ అంటే నాన్న

మర్నాడు ఇంటర్వ్యూ. పెద్దబ్బాయి సాయంత్రం నుంచే హాల్లో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

పెద్దబ్బాయి అని ఇంట్లో పిలుపే గాని, మనిషికి బట్టతల వచ్చేసింది. ఈసారి ఇంటర్వ్యూలో పెద్దసారు కూడా కూర్చుంటాడట. ఏమాత్రం తడబడినా ఉద్యోగం గోవిందా. పోయినసారి పెద్దసారు లేడు కాబట్టి, ఎవరేం మాట్లాడినా గంభీరంగా తల ఊపి గట్టెక్కేశాడు. పెద్దసారు ముందు ఆ పప్పులుడకవు.

మొదటి ప్రశ్న ఏమిటో మాత్రం ఆయనకు ముందే తెలుసు. ఎలా తెలుసని మనం అడక్కూడదు. ఆఫీసులన్నాక లోపలి సంగతులు సవాలక్ష ఉంటాయి. స్విచ్‌కీ రౌటర్‌కీ తేడా ఏమిటన్నదే ఆ ప్రశ్న. వచ్చిన చిక్కల్లా ఆ తేడా ఆయనకు తెలియకపోవడమే. రెండూ కంప్యూటర్లని కలిపే, మిణుకుమిణుకుమనే దీపాలున్న పెట్టెలే కదా అని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు.

భార్య ఇంకో కంపెనీలో ఆ పెట్టెలు చూసుకునే పనే చేస్తుంది. ముందు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన గుడ్లప్పగించి చూశాడు. బొమ్మలు గీసి చెప్పింది. ఆయన బొమ్మ బాగుందన్నాడు. చివరికి విసుగొచ్చి, సోఫాలో కూర్చున్న అత్తమామల్ని చూపించింది.

"స్విచ్ అంటే అత్తయ్య అనుకోండి. ఇంట్లో ఎవరు ఏ గదిలో ఉంటారో ఆవిడకి తెలుసు. ఎవరి మాట వాళ్ల గదికే చేరేస్తారు. ఎవరైనా ఏ గదిలో ఉన్నారో తెలీకపోతే అన్ని గదుల్లోకీ ఓ కేకేస్తారు. పలికినవాళ్ల గది గుర్తుపెట్టుకుంటారు. అంతా గడప లోపలే."

"మరి నాన్న?"

"మామయ్యగారు రౌటర్. మన మాట గడప దాటి ఇంకో ఇంటికి వెళ్లాలంటే ఆయనే పంపాలి. ఏ ఇంటికి ఏ దారో ఆయనకి తెలుసు. ఆ ఇంట్లో ఎవరు ఏ గదిలో ఉంటే ఆయనకెందుకు?"

తల్లి మూతి ముడుచుకుంది. రెండిట్లో ఏది గొప్పదని అడిగింది. రెండూ ఉంటేనే ఇల్లు నడుస్తుందని కోడలు తెలివిగా తప్పించుకుంది. తండ్రి అప్పటికే మీసం దువ్వుకుంటున్నాడు.

ఇక మొదలైంది వాయింపు. తడుముకుంటే పెద్దసారు ఇట్టే పట్టేస్తాడు కాబట్టి, జవాబు నాలుక చివర ఉండాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. తమ్ముడు స్నానాలగది తలుపు కొట్టి ప్రశ్న అడిగేవాడు, లోపల్నుంచి జవాబు రావాలి. తల్లి గరిటె పట్టుకుని అడిగేది, జవాబు చెబితేనే కంచంలో ఏదైనా పడేది. కాస్త కునుకు పడితే తండ్రి కుదిపి లేపి మరీ అడిగాడు. చివరికెలా తయారైందంటే, ప్రశ్న చెవిన పడితే చాలు, జవాబు దానంతటదే దొర్లుకొచ్చేస్తోంది. మరీ అంత బట్టీ పట్టించామా అని భార్యకి లోపల భయం కూడా వేసింది.

పొద్దున్న బయల్దేరుతుంటే తండ్రి భుజం తట్టాడు.

"ఎదురుగా కూర్చునేదీ మనుషులేరా. బెదరకు."

తెలియనిదేదైనా వస్తే వాదనకి దిగొద్దని, ఊఁ కొట్టి ఊరుకోమని తల్లి చెప్పింది.

ఇంటర్వ్యూ గదిలో ఏసీ హోరుమంటోంది. పెద్దసారు కిటికీ పక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పెద్దబ్బాయి కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు. నమస్కారాలయ్యాయి. అనుకున్నట్టే మొదట ఆ ప్రశ్నే వచ్చింది.

"స్విచ్‌కీ రౌటర్‌కీ తేడా ఏమిటో చెప్పండి."

ప్రశ్న చెవిన పడింది. అంతే, పెద్దబ్బాయి అందుకున్నాడు. స్విచ్ అంటే మా అమ్మ అన్నాడు. గదులన్నాడు, కేకన్నాడు, గడపన్నాడు. రౌటర్ అంటే మా నాన్న అన్నాడు. ఇళ్లన్నాడు, దారులన్నాడు. ఒక్క ముక్క తప్పలేదు. ఊపిరి కూడా తిప్పుకోలేదు.

పెద్దసారు కాలు దించి నిటారుగా కూర్చున్నాడు. కళ్లింత చేసుకుని ఆయన వంకే చూస్తున్నాడు. పెద్దబ్బాయికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఇక ఉద్యోగానికి ఢోకా లేదనుకుని చొక్కా సర్దుకున్నాడు.

అప్పుడు బల్లకి అవతల సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి, "సార్, ప్రశ్నా మీరే అడిగారు, జవాబూ మీరే చెప్పేశారు, మరి ఈ ఉద్యోగం నాకిస్తారా, మీరే చేరతారా?" అని వినయంగా అడిగింది.